సమ్మయ్య చెప్పిన మూడు లెక్కలు

దయ్యాలంటే నాకు నవ్వు. మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి. ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే బైబిలు చేతికిచ్చి కూర్చోబెట్టేవాడు. అందుకే ఇది చెప్పాలంటే నాకే చిరాగ్గా ఉంది.

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో వరద లెక్కలు చూసే ఆఫీసులో గుమస్తాని. ఏటూరునాగారం దగ్గర గోదావరి నీటిమట్టం చూసే సమ్మయ్య రోజూ పొద్దున్నే ఫోన్ చేసి అంకె చెప్పేవాడు. ఎగువన పడిన వాన లెక్క ఇంకో ఆఫీసుకు పోస్టుకార్డు మీద వచ్చేది. ఎగువ రైల్వే వంతెన కింది నీటి లెక్క కాజీపేట రైల్వే ఆఫీసుకు పోయేది. మూడూ కలిపి చూస్తే వరద ఎప్పుడొస్తుందో ఎవరికైనా తెలుస్తుంది. చూసిందెవరు? ఎవరికి వారే యమునా తీరే.

సమ్మయ్యకు అదే కోపం. ఏటి ఒడ్డునున్న గూడెం ఆయనదే. "మూడు లెక్కలు ఒక్క కాయితం మీద రాయమని మీ సారుకు జర చెప్పు బిడ్డా," అనేవాడు. చాలాసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఒక ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు పొద్దున పదకొండు గంటలకు ఫోన్ మోగింది. సమ్మయ్య గొంతే. పలకరింపు లేదు. "రాసుకో బిడ్డా," అని తన లెక్క చెప్పాడు. తర్వాత వాన లెక్క, వంతెన లెక్క కూడా చెప్పాడు. "పొద్దుగూకేటాలకు గూడెం మునుగుతది. మావోళ్లను గుట్ట ఎక్కించుండ్రి."

కాగితం పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"మిగతా రెండు మన శాఖవి కావమ్మా. వాటి దారిన అవి వస్తయి, అప్పుడు చూద్దాం."

ఒళ్లు మండిపోయింది. నేరుగా పోలీసు వైర్‌లెస్ గదికి పోయాను. అక్కడి కానిస్టేబుల్ ఏ శాఖ అని అడగలేదు, వెంటనే ఏటూరునాగారం కబురు పంపాడు. మధ్యాహ్నానికి గూడెమంతా గుట్టెక్కింది. సాయంత్రం నీళ్లొచ్చాయి. ఒక్క గుడిసె మిగల్లేదు, మనుషులు మిగిలారు.

మర్నాడు తెలిసింది. ఏటూరునాగారం ఫోన్ లైను నాకు ఫోన్ రావడానికి ముందురోజే తెగిపోయిందట. నాకు ఫోన్ వచ్చిన రోజు తెల్లవారుజామునే సమ్మయ్య నీటిమట్టం చూడటానికి దిగి కొట్టుకుపోయాడట. వాన, వంతెన లెక్కలు ఆ రెండు ఆఫీసుల నుంచి తర్వాత తెప్పించుకుని చూశాను. ఒక్క అంకె తేడా లేదు.

పైగా నాకే మెమో ఇచ్చారు, ఆ సమాచారం ఎవరిచ్చారని. సమ్మయ్య పేరు రాశాను. దాని కింద సారు ఎర్ర సిరాతో రాశాడు: "సదరు ఉద్యోగి ఆ రోజు విధులకు గైర్హాజరు."

ఆ ఫోన్ ఎలా మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు. గైర్హాజరన్న మాట మాత్రం చచ్చినా ఒప్పుకోను.