కట్టు విప్పని అంటు

మొక్కల తోటలో అందరూ ఆమెను పిల్లి అనేవారు. వచ్చింది తెలియదు, పోయింది తెలియదు. నీళ్ల పైపు పట్టుకుని కుండీల వరసల మధ్య తిరుగుతూనే ఉంటుంది, కానీ అడుగుల చప్పుడు వినపడదు. కొనడానికి వచ్చినవాళ్లు ఏదన్నా అడిగితే వేలితో చూపిస్తుంది, లేదంటే నవ్వేసి తోట యజమానురాలు అమ్మగారి వైపు చూస్తుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని జాలిపడేవాళ్లూ ఉన్నారు. నాలుక ఉంది. దాన్ని బయటికి తీసేలోపు ఎదుటివాళ్లు మాట మార్చేస్తారు, అంతే.

తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ మంచం పట్టింది. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. పొయ్యి దగ్గరా మంచం దగ్గరా ఒక ఏడాది గడిచిపోయింది. అమ్మ లేచి తిరిగే వేళకి తోటి పిల్లలు పై తరగతికి వెళ్లిపోయారు. చిన్నపిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గేసి తను మళ్లీ బడి గుమ్మం తొక్కలేదు. ఇల్లు గడవడానికి అమ్మ ఒక హాస్టల్ వంటగదిలో చేరితే, ఈ పిల్ల మొక్కల తోటలో నీళ్లు పొయ్యడానికి చేరింది.

ఆ తోటలో ఏడాది చివరి రోజున ఒక పద్ధతి ఉంది. అమ్మగారి తండ్రి నాటి నుంచీ వస్తోంది. మధ్యాహ్నం గేటు మూసేసి, ఆకుపచ్చ వల పందిరి కింద అందరూ టీ గ్లాసులు పట్టుకుని కూర్చుంటారు. ఈ ఏడు నీకు బాగా నచ్చిందేమిటి, నేర్చుకున్నదేమిటి, రెండు ముక్కలు చెప్పాలి. కిందటేడు పిల్లి వంతు వచ్చేసరికి పక్కనున్న అంటక్క ఆదుకుంది. "దానికి నచ్చింది నేను. నేర్చుకున్నది నా దగ్గర. ఇక తర్వాతివాళ్లు చెప్పండి" అంది. అందరూ నవ్వారు. అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదని పిల్లికి ఒక్కదానికే తెలుసు.

ఈ ఏడు పక్కన అంటక్క లేదు.

తోటలో గులాబీలకు అంటు కట్టేది ఆమే కనుక అంటక్క అన్నారు. పొడుగు మనిషి, బొంగురు గొంతు. అడవి గులాబీ కాండానికి కత్తి మొనతో గాటు పెట్టి, బెరడు ఎత్తి, మంచి రకం కొమ్మ నుంచి తీసిన కన్నును, చిగురు మొలిచే ఆ చిన్న మొగ్గను, అందులోకి జార్చేది. కన్ను మాత్రం బయటికి కనిపించేలా పైనా కిందా ప్లాస్టిక్ పట్టీ బిగించేది. ఎందరో చేసే పనే. కానీ ఆమె చేస్తుంటే పసిబిడ్డకు చొక్కా తొడుగుతున్నట్టుండేది. పిల్లి పైపు వదిలేసి చూస్తూ నిలబడేది, నీళ్లు పొర్లి కాళ్ల కిందికి వచ్చేవి.

ఒకనాడు అంటక్క తల ఎత్తకుండానే అంది, "చూసి చూసి నీ కళ్లకే అంటు అంటుకుంటుందే. ఇలా రా, చెయ్యి పెట్టు."

ఆ రోజు పిల్లి తన చేత్తో మొదటి అంటు కట్టింది. కాషాయానికీ పసుపుకీ మధ్యగా ఉండే ఒక గులాబీ రకం అది, అంటక్కకు ప్రాణం. కట్టడం అయ్యాక అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బానే ఉంది. ముట్టుకోకు మరి. వేళొచ్చాక నేనే విప్పుతా" అంది.

అది ఆ పనివాళ్లలో ఉన్న కట్టుబాటు. కొత్తగా నేర్చుకున్నవాళ్ల మొదటి అంటుకు కట్టు నేర్పినవాళ్లే విప్పాలి. కట్టినవాళ్లకు చెయ్యి ఆగదు, అతికిందో లేదోనని తెల్లారేసరికి విప్పి చూస్తారు, పచ్చి అంటు కాస్తా గాలి తగిలి చస్తుంది. అందుకని. ఆ మొదటిది విప్పేదాకా రెండోది కట్టకూడదు కూడా.

కట్టు విప్పే వేళ ఇంకా రాకముందే అంటక్క భర్తకు వేరే ఊరు బదిలీ అయింది. సామాను లారీకి ఎత్తే హడావిడిలో ఒకసారి తోటకు వచ్చి అందరికీ చెప్పింది. పిల్లి దగ్గరికొచ్చి చెంప మీద చిన్నగా తట్టి, "వచ్చి విప్పుతాలే. అప్పటిదాకా ముట్టుకున్నావో, చేతులు విరిచేస్తా" అంది. నవ్వింది. వెళ్లిపోయింది.

పిల్లి ఆ కుండీని తీసుకెళ్లి నీళ్ల డ్రమ్ము వెనకాల, ఎవరి కంటా పడని చోట పెట్టింది. కన్ను తీసిన తల్లి మొక్కను ఎవరో కొనుక్కుపోయారు. ఆ రంగు గులాబీ తోటలో ఇక అదొక్కటే. రోజూ అన్ని మొక్కలకూ నీళ్లు పెట్టాక చివర్న దాని దగ్గరికి వెళ్లేది. కన్ను చిగురించింది. చిగురు కొమ్మయింది. వానలప్పుడు ఒకే ఒక్క పువ్వు పూసింది, అరచేతిలో పట్టేంత. ఆ పువ్వు ఉన్నన్నాళ్లూ గేటు చప్పుడైనప్పుడల్లా పిల్లి అటు చూసేది.

ఒక్కసారి అక్క ఫోన్ చేసింది, అమ్మగారి నంబరుకు. ఫోన్ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారి పిల్లి దాకా వచ్చింది. పువ్వు గురించి చెప్పాలి. నువ్వు లేకపోతే ఇక్కడ పొద్దు పోవడం లేదని చెప్పాలి. ఎప్పుడొస్తావని అడగాలి.

"బాగున్నావా అక్కా?"

"బాగున్నానే. నువ్వో?"

"ఊ."

అవతల ఎవరో పిలిచారు. "ఉంటానే మరి" అంది అక్క. ఆ ఒక్క 'ఊ'ని పిల్లి తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్క లేదు.

అంటక్క వెళ్లాక అమ్మగారు అంటు మొక్కలను బయట కొని తెప్పించడం మొదలుపెట్టింది. దారిలో సగం వాడిపోయేవి. ఏడాది ముగిసే ముందు వారం ఆవిడ పిల్లిని పిలిచింది.

"నీకు అక్క నేర్పింది కదే? మరి ఆ అంటు కట్టే బల్ల దగ్గర ఎందుకు కూర్చోవు?"

పిల్లి చేతిలోని పైపును చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

"నువ్వు కూర్చోవు, ఇంకొకర్ని కూర్చోనివ్వవు. ఇంకొకర్ని పెడతానని నేనంటే చాలు, నీ మొహం మాడిపోతుంది. ఇలా ఎన్నాళ్లే? చివరి రోజున నీ చేత్తో కట్టిన అంటు, బతికింది, ఒక్కటి నాకు చూపించు. బల్ల నీది. లేదంటే పై నెల నుంచి బయటి మనిషి వస్తాడు. ఆ తర్వాత నీళ్లపైపే నీ గతి, నన్ను అనకు."

ఆ వారమంతా పిల్లికి అదే ఆలోచన. బల్ల కావాలి. అక్క కూర్చున్న చోట పరాయి మనిషి కూర్చుని, అక్క కత్తిని పట్టుకుంటే చూసి ఓర్చుకోవడం తన వల్ల కాదు. కానీ తను కూర్చుంటే, అక్క ఇక రాదని తనే ఒప్పుకున్నట్టు. ఆ కట్టు ఉన్నన్నాళ్లూ అక్కకు ఇక్కడ ఒక పని మిగిలి ఉంది. పని మిగిలిన మనిషి ఎప్పటికైనా రాకపోదు.

"ఈ ఏడు నాకేం నచ్చిందో చెప్పమంటారమ్మా, ఏం చెప్పను?" అని ఇంట్లో అడిగింది.

అమ్మ గిన్నెలు తోముతూ, "మా అమ్మ చేతి వంట నచ్చిందని చెప్పు. హాస్టల్లో అంతమంది తిడతారు, ఒక్కళ్లయినా మెచ్చుకోనీ" అంది.

నచ్చినవి లేక కాదు. పొద్దున్నే వల పందిరి మీద నిలిచిన నీటిబొట్లు నచ్చాయి. వారం వారం వచ్చి, ఏమీ కొనకుండా ఒక్కో మొక్కనీ పలకరించి వెళ్లే ముసలాయన నచ్చాడు. నేర్చుకున్నదీ ఉంది. ఎండి చచ్చిన మొక్కల కన్నా, ప్రేమ ఎక్కువై నీళ్లు పోస్తే కుళ్లి చచ్చిన మొక్కలే ఎక్కువ. ఇవన్నీ లోపల వరసగా వస్తాయి. పెదవుల దాకా వచ్చేసరికి తోపులాట.

చివరి రోజు వచ్చింది. పందిరి కింద అందరూ కూర్చున్నారు. కుండీలు మోసే అత్త ముందు అందుకుంది.

"నాకు ఈ ఏడు బాగా నచ్చింది నా నడుంనొప్పి. నేను ఎక్కడికి పోతే అక్కడికి వెంట వచ్చింది. మా ఆయన ఏనాడన్నా అలా వచ్చాడా? ఇక నేర్చుకున్నదంటారా, పెద్ద కుండీని ఎత్తకూడదు, మెల్లగా దొర్లించుకోవాలి. మొగుణ్ణీ అంతే."

నవ్వులు ఆగాక మట్టి కలిపే తాత గొంతు సవరించుకున్నాడు. "తొలకరి నాటి మట్టి నచ్చింది నాకు. నేర్చుకున్నది ఏం లేదు. ఈ వయసులో ఉన్నది మర్చిపోకపోతే అదే పదివేలు."

అందరూ పిల్లి వైపు తిరిగారు. ఆమె లేచింది. పారిపోతోందనుకున్నారు. డ్రమ్ము వెనక్కి వెళ్లి, కుండీని రెండు చేతులా గుండెకు హత్తుకుని తెచ్చి, మధ్యలో పెట్టింది.

"ఇది నచ్చింది" అంది.

తాత కళ్లు చికిలించి వంగాడు. "ఇదేంటే! ఇంకా కట్టు విప్పలేదా?"

"అక్క విప్పుతానంది."

"ఏ అక్క? అంటక్కా? ఎప్పటి మాటే అది! చూడు, కాండం లావెక్కి పట్టీ లోపలికి దిగబడిపోయింది. మెడకి ఉరేసినట్టుంది. అందుకే ఆకులు అట్లా పసుపెక్కాయి."

ఆకులు పసుపెక్కడం పిల్లి చూడకపోలేదు. ఎరువు చాలలేదనుకుంది. నీడ ఎక్కువైందనుకుంది. ఆ కట్టు తప్ప అన్నిటినీ అనుమానించింది.

"అక్క వస్తానంది" అని మళ్లీ అంది.

అత్త ఈసారి నవ్వలేదు. అమ్మగారు గ్లాసు కింద పెట్టింది. "రాదమ్మా. అక్కడే ఒక తోటలో చేరింది. నాలుగు నెలలైంది. దాని పనెట్లా ఉంటుందని వాళ్లు నన్నే అడిగారు. నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదు."

పిల్లి ఏడవలేదు. ఎక్కడో ఒక బల్ల ముందు అక్క వంగి కూర్చుని ఉండటం, ఆ పక్కన ఇంకెవరో పిల్ల పైపు వదిలేసి నిలబడి చూస్తుండటం కనిపించింది. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో తెలియలేదు. ఆ పిల్లను కూడా చెంప మీద తడుతుందా? తడుతుంది. అక్క చెయ్యే అంత.

తాత కత్తి అందించాడు. పిల్లి కుండీ ముందు కూర్చుంది. కన్ను ఉన్న వైపు కాకుండా వెనక వైపు నుంచి పట్టీని కోసింది. అది ఒక్కసారిగా ఊడిరాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. కింద కాండం చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. చిన్నప్పటి ఉంగరాన్ని పెద్దయ్యాక కోసి తీస్తే వేలు అట్లాగే ఉంటుంది.

తాత గోటితో బెరడు గీకి చూశాడు. "కట్టడం మాత్రం భేషుగ్గా కట్టావే. విప్పడమే... ఇక కష్టం. పైన కొమ్మలో జీవం ఉంది. కింది నుంచి నీరెక్కే దారే మూసుకుపోయింది. నాలుగు రోజులో, వారమో."

"బతికిన అంటు చూపించమన్నాను నేను" అంది అమ్మగారు. కోపంగా కాదు, తన మాట తనకే బరువైనట్టు.

పిల్లి కొమ్మను చూస్తోంది. ఆకులు పసుపే, కానీ ఒక్కో ఆకు మొదట్లో కన్ను ఉంది, గోధుమగింజలా ఉబ్బి, ఎర్రగా. కొమ్మను కోస్తే ఈ మొక్క ఇవాళే అయిపోతుంది. కొయ్యకపోతే కళ్లతో సహా పోతుంది. అక్కయితే ఏం చేసేదో అడగక్కర్లేదు. అక్క ఎప్పుడో చేసేసి, చేతులు కడుక్కుని టీ తాగుతూ ఉండేది.

"తాతా, అడవి గులాబీ మొక్కలు ఉన్నాయా?"

గొంతు అంత పైకి రావడం తనకే వింతగా ఉంది.

"ఉన్నాయి."

"తీసుకురా."

"అమ్మో, పిల్లి తాతకే పని చెప్పింది!" అంది అత్త. కానీ లేచి వెళ్లి ఆ కుండీలను దొర్లించుకొచ్చింది తనే.

పిల్లి కొమ్మను కోసింది. బల్ల దగ్గరికి వెళ్లి, అక్క స్టూలు మీద ఎక్కి కూర్చుంది. పొడుగు మనిషి కోసం చేసిన స్టూలు, కాళ్లు నేలకు అందలేదు. గాటు పెట్టింది. బెరడు ఎత్తింది. మొదటి కన్ను వేళ్ల సందు నుంచి కింద పడింది. రెండోది గాట్లోకి జారింది, కూర్చుంది. పట్టీ చుట్టి, చివర ముడి బిగించే చోట తెలియకుండానే ఆగింది. మొదటి అంటుకు ఆ చోట వేలు పెట్టి నొక్కి పట్టింది అక్క. ఆగి, పట్టీ కొసను పళ్లతో పట్టుకుని తనే బిగించింది. తర్వాతి కన్నుకు ఆగలేదు.

కొమ్మ మీది కళ్లు అయిపోయేసరికి పందిరి నీడ గోడ దాకా జరిగింది. టీ చల్లారిపోయింది. ఎవరూ ఇంటికి పోలేదు.

అమ్మగారు వచ్చి ఒక్కో కుండీని ఎత్తి చూసింది. "బతుకుతాయా?"

"ఏమో. కొన్ని."

"ఎవరు విప్పుతారు?"

"నేనే విప్పుతా" అంది. "చాలా ముందూ కాదు, మరీ ఆలస్యంగానూ కాదు."

"సరే. అవి విప్పేదాకా బయటి మనిషి మాట ఎత్తను." రెండడుగులు వేసి అమ్మగారు వెనక్కి తిరిగింది. "తాతా, పిల్లకి కాళ్లు ఆనట్లేదు. చెయ్యి నిలకడగా ఎట్లా ఉంటుంది? ఆ స్టూలు కాళ్లు కాస్త కోసి పెట్టు."

తాత రంపం తెచ్చాడు. పిల్లి దిగి స్టూలును పక్కకు పడుకోబెట్టింది. ఎంత మేర కొయ్యాలో గీత గియ్యమని సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె గీత గీసింది. చూసి, చెరిపి, కాలి చివరికి ఇంకా దగ్గరగా ఇంకొకటి గీసింది.

"ఇంతేనా? ఇంత కోస్తే నీ కాళ్లు ఆనవే."

"కాలివేళ్లు ఆనుతాయి తాతా. చాలు" అంది. "అక్క స్టూలు, కొంచెమే కొయ్యి."