మీటరక్క గీయించిన సుద్దగీత

ఆవిడ అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఊరందరికీ మీటరక్క. పంతొమ్మిదేళ్లుగా తూర్పు వార్డులో ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. గేటు పక్కన నేలలో ఉన్న గుంత మూత ఎత్తి, వంగి, మీటరు అద్దం మీది మట్టి బొటనవేలితో తుడిచి, అంకె రాసుకుని వెళ్లిపోతుంది. మాట తక్కువ. కుక్కలతో తప్ప ఎవరితోనూ గొడవ పడి ఎరగదు.

ఒక్క అలవాటు మాత్రం ఉండేది. వానల్లో గుంత నిండి మీటరు మునిగిపోతే, అందరిలా "కనపడలేదు" అని రాసి చేతులు దులుపుకునేది కాదు. నీళ్లు ఎంత లోతు నిలిచాయి, ఎన్నాళ్లకు ఇంకాయి, గోడ మీద చార ఎక్కడిదాకా ఉంది, ఇవన్నీ పుస్తకం అంచుల్లో చీమల బారులాంటి అక్షరాలతో రాసిపెట్టేది. ఎందుకని తోటివాళ్లు అడిగితే, "పై ఆఫీసరు అడిగితే చెప్పాలిగా" అనేది. ఇన్నేళ్లలో ఏ పై ఆఫీసరూ అడిగిన పాపాన పోలేదు.

పదకొండేళ్ల కిందట ఒక పెద్దవానకు తూర్పు వార్డు మునిగి ముగ్గురు చనిపోయారు. మళ్లీ అలాంటిది జరగకూడదని మున్సిపాలిటీ ఇన్నాళ్లకు వరద ప్రణాళిక మొదలుపెట్టింది. నీళ్లు ఎటు మళ్లించాలి, జనాన్ని ఎక్కడికి చేర్చాలి అన్నవి ముందే తేల్చుకోవాలని మీటింగు పెట్టి, సిబ్బందినీ రమ్మన్నారు. గోడకు రంగుల పటం కట్టారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు కర్రతో చూపిస్తూ, "తూర్పు వార్డు వాళ్లను కొత్త కమ్యూనిటీ హాలుకు తరలిస్తాం. ఎనిమిది వందల మంది పడతారు" అన్నాడు.

వెనక వరసలోంచి మీటరక్క లేచింది. తను లేచినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

"ఆ హాలు వద్దు సార్. అది పల్లంలో ఉంది."

"మెట్లెక్కి లోపలికి వెళ్తాం కదమ్మా, పల్లమెలా అవుతుంది?"

"మెట్లు నాలుగే సార్. అక్కడ రోడ్డే కిందికి దిగిపోయి ఉంటుంది."

హాలు కట్టించిన కౌన్సిలరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీటర్లు చూసే ఆవిడ పటాలు కూడా చూసేస్తోందే" అన్నాడు. నలుగురూ నవ్వారు. మీటరక్కకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికెళ్లి కూర వండుతూ అత్తగారికి చెప్పింది. మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని మనిషి గానీ, నోరు మాత్రం చురుకు. "వరదొస్తే నన్నూ ఆ హాలుకేగా మోసుకుపోతారు? మునిగే చోటికి మోసుకుపోవడం దేనికి, ఇక్కడే మునుగుతాను. పో, వెళ్లి మళ్లీ చెప్పు. ఈసారి చేతిలో ఏదన్నా పట్టుకుని పో" అంది.

మర్నాడు మీటరక్క పంతొమ్మిది పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంజనీరు గదికి వెళ్లింది. నిన్న నవ్వినవాళ్లలో అతను లేడు. ఆ ధైర్యంతోనే వెళ్లింది. అతను మొదటి పుస్తకం తెరిచాడు. టీ చల్లారిపోయింది, రెండు ఫోన్లు మోగి ఆగిపోయాయి, అతను తలెత్తలేదు.

"ఇవన్నీ ఎవరు రాయమన్నారమ్మా?"

"ఎవరూ రాయమనలేదు సార్. మీలాంటివాళ్లు అడిగితే చెబుదామని."

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడు అతను.

ఆ ఆదివారం పొద్దున్నే మీటరక్క వాళ్లన్న వచ్చాడు. తాపీమేస్త్రి. గోడల మట్టం చూసుకోవడానికి వాడే సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి తెచ్చాడు. ఎంత దూరమైనా గొట్టం రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. వీధి చివర ఇస్త్రీ దుకాణం గోడ మీద పెద్దవాన నాటి చార ఇంకా ఉంది. అప్పటికి హాలు లేదు, అక్కడ ఖాళీ స్థలం. చార దగ్గర ఒక కొస పట్టుకుని, గోడల మీద సుద్దతో గుర్తులు వేసుకుంటూ, నాలుగు అంచెల్లో ఆ మట్టాన్ని హాలు లోపలికి తెచ్చారు. వెనకాల వీధి వీధంతా వచ్చింది. ఇంజనీరు ముందే అక్కడున్నాడు, కబురు విని కౌన్సిలరూ వచ్చాడు.

"గీసెయ్యన్నా" అంది మీటరక్క.

మేస్త్రి హాలు గోడ మీద గీత గీశాడు. ఇంజనీరు వెళ్లి పక్కన నిలబడితే గీత అతని ఛాతీ దగ్గరుంది. కౌన్సిలరు కాస్త పొట్టి. ఆయనకు గడ్డం కింద ఆగింది. ఆయన గీతను వేలితో తడిమి చూసుకుని, "మా అమ్మను కూడా ఇక్కడికే పంపుదామనుకున్నాను" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, "ఆవిడ చెప్పినట్టే మార్చండి" అన్నాడు.

మీటరక్కా, ఇంజనీరూ వార్డంతా కాళ్లరిగేలా తిరిగారు. మెరక మీదున్న బడి మేడను ఆశ్రయంగా పెట్టారు. పాత కాలువకు అడ్డంగా కట్టిన గోడౌను గోడకు తూము పెట్టించారు. ఆటస్థలాన్ని నడుములోతు తవ్వించారు, వాననీళ్లు ఇళ్లలోకి రాకుండా అక్కడ ఆగుతాయని. ఆడుకోవడానికి గొయ్యి ఇచ్చారని కుర్రకారు ఏడాదిపాటు మీటరక్కను ఆడిపోసుకున్నారు. ఆవిడ విననట్టు పోయేది. నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, ఎవరు ఎవరిని మోయాలి అన్న జాబితా కూడా ఆవిడే రాసింది. నలభై మూడు పేర్లు.

మూడో ఏట వచ్చింది వాన. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి వాగు గట్టు దాటింది. మైకులో పిలుపు వినపడేసరికే మోసేవాళ్లు ఎవరి గుమ్మం ముందు వాళ్లున్నారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మేస్త్రీ, ఇస్త్రీ దుకాణం అతనూ కుర్చీలో ఎత్తుకుపోతుంటే అత్తగారు గొడుగు కింద దర్జాగా కూర్చుని, "గుంతలు చూసి నడవండ్రా, పెళ్లికి కూడా నన్నింత బాగా మోయలేదు" అంది.

మధ్యాహ్నానికి ఆటస్థలం చెరువైపోయింది. గోడౌను తూములోంచి నీళ్లు హోరుమంటూ పొలాల వైపు పోతున్నాయి. కమ్యూనిటీ హాల్లో నడుములోతు నిలిచాయి. పెద్దవానకు కిటికీల దాకా మునిగిన వీధుల్లో ఈసారి పిక్కలు తడిసేంతే.

బడి మేడ మీద ఇంజనీరు జాబితా తెరిచి పేర్లు పిలిచాడు. ఒక్కొక్క మూల నుంచి ఒక్కొక్కరు పలికారు. నలభై మూడో పేరు కౌన్సిలరు వాళ్లమ్మది. "ఉన్నానయ్యా, కాస్త టీ ఇప్పించు" అందావిడ. మేడంతా గొల్లున నవ్వింది.

తూర్పు వార్డులో ఒక్క ప్రాణం పోలేదు. ఇంజనీరు కాగితం మడిచి చప్పట్లు మొదలుపెట్టాడు. కౌన్సిలరు కలిశాడు. వరండాలు, మెట్లు, గదులు ఒక్కటై మోగాయి. మీటరక్క తడిసిన కొంగుతో ముఖం తుడుచుకుని, సిగ్గుపడుతూనే, జనం మధ్యలో తలెత్తి నిలబడింది.

నెల తిరక్కుండా ప్రణాళిక సంఘంలో ఆవిడను సభ్యురాలిగా వేశారు. మొదటి మీటింగులో పటం పక్కన నిలబడి, పడమటి వార్డు గురించి ముప్పావుగంట మాట్లాడింది. అందరూ రాసుకున్నారు.