వెనక సీటు బెల్టు

ఇది జరిగింది. నాకే జరిగింది. కల్పించి చెప్పేదాన్నైతే ఇందులో నన్ను నేను కాస్త మంచిదానిగా పెట్టుకునేదాన్ని కదా. పెట్టుకోలేదు, చూస్తారుగా. నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మేం ముగ్గురం. ఎమ్మెస్ చదివేటప్పుడు రెండేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. ఒకే కుక్కరు, ఒకే బాత్రూము, రోజుకో గొడవ. అప్పటికి నేను పార్సిప్పనీలో, సింధు అల్ఫారెట్టాలో, మాధురి డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో. సింధుది వరంగల్, మాధురిది కాకినాడ, నాది తెనాలి. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. దానికి మా ఊరిని ఏమీ అనకండి.

డిసెంబర్‌లో శాంటా బార్బరా ట్రిప్ పెట్టుకున్నాం. పేరుకి మాధురి కోసం. నవంబర్‌లో దాని ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి. లేదంటే పెట్టె సర్దుకోవాలి. అప్పటికే దానికి ముప్ఫై రోజులు అయిపోయాయి. "ఇంట్లో కూర్చుని కుళ్లిపోకే, రా" అని మేమే లాక్కొచ్చాం.

దాని ఆశంతా నా మీదే. మా టీమ్‌లో అచ్చంగా దానికి సరిపోయే పొజిషన్ ఒకటి తెరిచారు. "రెఫర్ చేశానే, నీ రెజ్యూమే హెచ్‌ఆర్ దగ్గరుంది" అని రెండు వారాల కిందటే చెప్పాను. ఫోన్లో ఏడ్చేసింది పిచ్చిది. "నీ రుణం తీర్చుకోలేనే" అంది.

ఊరు మాత్రం అందంగా ఉంటుంది, కాదనను. తెల్లటి గోడలు, ఎర్ర పెంకులు, ఇటు సముద్రం, అటు కొండలు. చెక్క వంతెనలాంటి పియర్ మీద నిలబడి నేనూ సింధూ రకరకాలుగా ఫోటోలు దిగాం. అన్నీ మాధురే తీసింది. దానికి ఒక్కటి తీద్దామని మా ఇద్దరికీ తట్టలేదు. ఇది చిన్న విషయమే. కానీ ఆ రెండు రోజులు అన్నీ ఇలాంటి చిన్న విషయాలే.

రెండో రోజు కొండ దాటి శాంటా యినెజ్ లోయకి వెళ్లాం. అంతా ద్రాక్షతోటలే. సింధు తాగదు కాబట్టి డ్రైవింగ్ దానిది. నేను మూడు చోట్ల వైన్ టేస్టింగ్ చేశాను. తాగి ఉన్నాను కాబట్టే ఇదంతా అంటారేమో... అనండి. సింధు తాగలేదు.

మూడో చోట కౌంటర్ దగ్గర మాధురి ఆ వైన్ పోసే ఆయన్ని ఏదో అడుగుతోంది. ద్రాక్ష ఎప్పుడు కోస్తారు, ఎంతకాలం నిలవ ఉంచుతారు అని. "ఉద్యోగం పోయినా దీని డౌట్లు మాత్రం పోలేదు చూడవే" అన్నాను. సింధు పకపకా నవ్వింది. మాధురి కూడా నవ్వింది. నేనేమన్నా అది నవ్వుతుంది. అదే నాకు ఒళ్లు మంట.

అయిదింటికి అన్నీ మూసేశారు. బయటికొస్తే అప్పటికే చీకటి. తిరుగు దారిలో సింధు హైవే వదిలేసి ఫాక్సెన్ కాన్యన్ అనే చిన్న రోడ్డు పట్టింది. బాగుంటుందని ఎవరో చెప్పారట. పగలైతే బాగుంటుందేమో. చీకట్లో... రెండు పక్కలా ఆకులు రాలిపోయిన తీగలు. వరసలు వరసలుగా కట్టుకొయ్యలు. లైట్ల వెలుగులో ఒక్కో వరసా తెరుచుకుంటుంది... మూసుకుంటుంది. పొగమంచు దిగుతోంది. ఫోన్లో సిగ్నల్ లేదు.

మాధురి డ్రైవర్ వెనక సీట్లో ఉంది. "సింధూ, కడుపులో తిప్పుతోందే... ఒక్క నిమిషం ఆపవా" అంది.

ఆపింది. అది దిగి కంచె దగ్గర వంగి వాంతి చేసుకుంది. నీళ్లు పుక్కిలించి, జాకెట్ చేతికి మూతి తుడుచుకుని, కారు దగ్గరికొచ్చి డోర్ హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడు... "కొంచెం ముందుకి పోనీవే" అన్నాను.

ఈ ఆట మీకు తెలిసే ఉంటుంది. మనిషి డోర్ దగ్గరికి రాగానే కారు పదడుగులు ముందుకి జరుగుతుంది. మాధురి నవ్వింది. నడిచొచ్చింది. సింధు మళ్లీ జరిపింది. అది మళ్లీ నవ్వింది... కొంచెం తక్కువగా. మూడోసారి నవ్వలేదు. అద్దం మీద అరచెయ్యి ఆనించి, "వద్దే... భయమేస్తోందే" అంది.

"పోనీయ్" అన్నాను.

"అయ్యో, చీకట్ల వదిలేసి పోతమా?" అంది సింధు. అంటూనే పోనిచ్చింది.

వెనక్కి తిరిగి చూశాను. వెనక లైట్ల ఎర్రటి వెలుగులో నిలబడి ఉంది. పరుగెత్తలేదు. అరవలేదు. మలుపు వచ్చింది. కనిపించలేదు.

రెండు నిమిషాల్లో వెనక్కి తిప్పాలని అనుకున్నాం. నిజంగానే. కానీ రోడ్డు ఇరుకు, తిప్పడానికి చోటు లేదు. అలా మైలు దూరం వెళ్లామో లేదో... మొదలైంది.

టింగ్... టింగ్... టింగ్...

సీట్ బెల్ట్ పెట్టుకోకపోతే మోగే శబ్దం. నా బెల్ట్ చూసుకున్నాను. ఉంది. సింధుకీ ఉంది. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి మనిషి బొమ్మ వెలుగుతోంది. వెనక సీటు. డ్రైవర్ వెనక.

"ఏమన్న పెట్టినవానే ఆడ?" అంది సింధు.

ఏమీ లేదు. బ్యాగులన్నీ ట్రంక్‌లో ఉన్నాయి. లోపల లైటు వేసి చూశాను. ఖాళీ సీటు. సీటు మీద ఒక కాగితం ముక్క కూడా లేదు. టింగ్... టింగ్... ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా.

"రెంటల్ కారు కదా, సెన్సర్ పోయుంటది. ఆ బెల్ట్ పెట్టెయ్యే, తలకాయ నొస్తుంది" అంది.

నా బెల్ట్ తీయకుండా పట్టీ వదులుగా లాగి, సీటు మీద మోకాళ్లేసి, రెండు సీట్ల మధ్య నుంచి నడుం దాకా వెనక్కి దూరాను. చెయ్యి చాపి బెల్ట్ లాగాను. క్లిప్‌లో పెట్టాను. టక్.

శబ్దం ఆగిపోయింది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి.

ఖాళీ సీటుకి బెల్ట్ పెడితే ఏమవుతుంది? మిగిలిన పట్టీ సర్రున లోపలికి పోయి, బెల్ట్ సీటుకి అతుక్కుంటుంది. ఇదీ లోపలికి పోవడం మొదలుపెట్టింది. సర్ర్... ఆగింది. సీటుకి జానెడు ఇవతలే ఆగింది.

గాల్లో... వంపుగా... ఒక మనిషి చుట్టూ ఉన్నట్టు.

ముట్టుకున్నాను. బిగువుగా ఉంది. దాని కింద ఏమీ లేదు. చెయ్యి అలాగే ఉంచాను, ఎందుకు ఉంచానో తెలియదు. నా వేళ్ల కింద ఆ పట్టీ కొంచెం ముందుకొచ్చింది... కొంచెం వెనక్కి పోయింది... మళ్లీ ముందుకి... కారు కుదుపులే అయ్యుంటాయి. పాత రోడ్డు కదా.

"అయిందా?" అంది సింధు.

"ఆఁ" అన్నాను. తిరిగి కూర్చున్నాను. లైటు ఆర్పేశాను.

నాకో రోగం ఉంది. భయమేస్తే నోరు ఆగదు. మాట్లాడటం మొదలుపెట్టాను. ఆగకుండా. మాధురి నడక గురించి, దాని ఏడుపుగొట్టు మొహం గురించి, చదువుకునే రోజుల్లో ప్రొఫెసర్ దగ్గర అది వేసిన వేషాల గురించి. సింధు నవ్వుతోంది. నవ్వేకొద్దీ నేను రెచ్చిపోయాను. చివరికి అనేశాను.

"అసలు దాని రెజ్యూమే పంపనే లేదే నేను."

సింధు నవ్వు ఆగిపోయింది. "పంపలేదా? ఎందుకే?"

"పంపితే వస్తుంది. వస్తే ఆరు నెలల్లో నా నెత్తినెక్కి కూర్చుంటుంది. అది నాకంటే బాగా చేస్తుందే... ఎప్పుడూ అంతే కదా. సోమవారంతో పోర్టల్ మూసేస్తారు. మేనేజర్‌కి నచ్చలేదట అని చెప్తా."

"పాపం కదనే" అంది సింధు. "తిప్పుదామా?" అంది. ఒక తోట గేటు ముందు ఖాళీ జాగా కనిపించింది.

"ఇంకో అయిదు నిమిషాలు. ఏడవనీ."

ఆ అయిదు నిమిషాలూ గేటు ముందు కారాపుకుని కూర్చున్నాం. ఇద్దరం మాట్లాడలేదు. తరవాత వెనక్కి తిప్పింది.

మాధురిని వదిలిన చోట కంచెకి పసుపు బోర్డు ఉంది. గుర్తుంది. మాధురి మాత్రం అక్కడ లేదు. దిగాం. పిలిచాం. ఫోన్ లైట్లు వేసి వరసల మధ్యకి వెళ్లి వెతికాం. సింధు ఏడుపు మొదలుపెట్టింది. "ఏమన్న అయితే దాని అమ్మకు ఏం చెప్తమే..." కంచె దగ్గర వాంతి ఉంది. నీళ్ల సీసా ఉంది. మనిషి లేదు. పావుగంట వెతికాం. అరిచీ అరిచీ నా గొంతు పోయింది.

పోలీసులకి చెప్దాం, సిగ్నల్ ఉన్న చోటికి పోదాం అని కారు దగ్గరికొచ్చాం.

డోర్ తీశాను. లోపల లైటు వెలిగింది.

మాధురి వెనక సీట్లో కూర్చుని ఉంది. బెల్ట్ పెట్టుకుని.

"ఏంటే... ఎందుకు దిగారు? ఎవరి కోసం వెతుకుతున్నారు?" అంది.

సింధు దాన్ని పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, సారీ చెప్పింది. మేం అటు వెళ్లినప్పుడు ఎక్కేశావు కదూ, మమ్మల్ని బకరాల్ని చేద్దామనే కదూ అంది. మాధురికి అర్థమే కాలేదు. "మీరు వెంటనే ఆపారుగా, అప్పుడే ఎక్కాను. నీ బెల్టేది అని ఇది వెనక్కి తిరిగి పెట్టింది కూడా" అని నా వైపు చూసింది.

బెల్ట్ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

కొండ దిగుతుంటే కింద ఊరి దీపాలు, వాటి అవతల నల్లటి సముద్రం. ఎవరూ చూడలేదు. సింధు స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుంది. నేను వెనక్కి తిరగలేదు. మధ్యలో మాధురి మామూలు గొంతుతో అడిగింది.

"సోమవారం దాకా టైముంది అన్నావుగా. పంపుతావా మరి?"

"పంపుతానే" అన్నాను.

"సరే" అంది. కోపం లేదు. ఏడుపు లేదు. కోప్పడితే బాగుండేది.

తరవాత సింధు చాలా లెక్కలు చెప్పింది. మనం గేటు ముందు ఆపినప్పుడు అది పక్క నుంచి నడిచొచ్చి అద్దం పక్కన నిలబడి వినుంటుంది అంది. మైలు పైనే దూరం, చీకట్లో, అయిదు నిమిషాల్లో? పోనీ వచ్చిందే అనుకుందాం. నేను ఆ మాట అన్నది గేటు దగ్గర కాదు. కారు నడుస్తున్నప్పుడు. సింధుకి అది తెలుసు. అందుకే ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేస్తుంది.

సోమవారం పొద్దున పోర్టల్ తెరిచాను. రెజ్యూమే పెట్టాను. ఒక్క నొక్కు నొక్కితే చాలు. నొక్కలేదు. ఈసారి అసూయ కాదు... అది మా ఆఫీసులో రోజూ నా కళ్ల ముందు కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుతుందన్న ఊహ రాగానే ల్యాప్‌టాప్ మూసేశాను. సాయంత్రానికి పోర్టల్ మూసేశారు. నెల తిరిగేసరికి దాని అరవై రోజుల గడువూ అయిపోయింది. మాధురి పెట్టె సర్దుకుని ఇండియాకి వెళ్లిపోయింది.

వెళ్లే రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసింది. నేనే ఏడ్చాను. అది ఏడవలేదు.

"పంపలేదన్నావు చూడు, దానికి నాకేం బాధ లేదే. అది నీ ఇష్టం. కానీ ఆ తరవాత, గేటు ముందు ఆపినప్పుడు ఇంకో మాటన్నావు చూడు... అది మాత్రం అనకుండా ఉండాల్సిందే నువ్వు."

ఫోన్ పెట్టేసింది. వెంటనే సింధుకి చేశాను. గేటు ముందు నేనేమైనా అన్నానా అని అడిగాను. "ఏడవనీ అన్నవు. తర్వాత నోరే తెరువలేదు కదనే" అంది.

అవును. తెరవలేదు. ఆ అయిదు నిమిషాలూ అద్దంలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. అప్పుడొకటి అనుకున్నాను. మేం వెళ్లేసరికి అది అక్కడ లేకపోతే... పీడా పోతుంది అనుకున్నాను.

అనుకున్నానంతే. పైకి అనలేదు.