నాయనమ్మ తీసిన తోకలు

మా చిన్నప్పుడు స్కూల్ నుంచి వచ్చేసరికి, సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్ ముందు కారిడార్‌లో పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉండేవి... వాటి మీద తెల్లగా, గుట్టగా తావ్‌గే. అటు నాయనమ్మ, ఇటు పక్కింటి మలయ్ ఆంటీ. ఇద్దరి నోళ్ళూ ఆగేవి కావు, చేతులూ ఆగేవి కావు.

తావ్‌గే అంటే పెసల మొలకలే... కానీ మనం గుడ్డలో కట్టే పొట్టి మొలకలు కావు. వేలెడు పొడవుంటాయి. చివర సన్నటి వేరు, తోకలాగా. ఆ తోకని ఒక్కొక్కటీ గిల్లి పారేస్తేనే అది కూర అని ఇక్కడి పెద్దవాళ్ళ పట్టుదల. ముత్తాతల కాలంలో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చిన మా ఇంటికి ఆ పట్టుదల ఎప్పుడు అంటుకుందో తెలియదు. నాయనమ్మ ఆవాలు, ఎండుమిర్చి పోపులో వేసి వేపుడు చేసేది. ఒక్క తోక కనబడినా ఊరుకునేది కాదు.

నాకు వాళ్ళ మధ్య కూర్చోవాలని ఉండేది. వాళ్ళు మలయ్‌లో చెప్పుకునే కబుర్లు సగమే అర్థమయ్యేవి... నవ్వులు మాత్రం పూర్తిగా. నేను చెయ్యి పెట్టబోతే నాయనమ్మ ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసేది.

"ఇది నా పని. నీ పని లోపల బల్ల మీదుంది, పో!"

బల్ల మీద ఉన్నవి నా పుస్తకాలు. నాయనమ్మ బడి ముఖం చూడలేదు. నాన్న ప్రైమరీతో చదువు ఆపేసి తువాస్ షిప్‌యార్డ్‌లో పనికి కుదిరారు. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే... ఆ తోకలు నన్ను తీయనివ్వకుండా నాయనమ్మ తరిమినందువల్లే ఎక్కాను.

ఇప్పుడు నాయనమ్మకి తొంభై దాటాయి. పక్కింటి ఆంటీ సెంగ్‌కాంగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళైంది. నాయనమ్మ ఒక్కతే ఆ పని చేసుకునేది... నిరుడు బాత్‌రూమ్‌లో జారి పడేదాకా.

ఎముకలేం విరగలేదు గానీ చేతుల వణుకు ఎక్కువైంది. అమ్మకి భయం పట్టుకుంది.

"అత్తయ్యా, ఇంక మీరేం ముట్టుకోకండి. హాయిగా కూర్చోండి," అంది. తోకలు తీసేసి ప్యాకెట్లలో అమ్మే తావ్‌గే తేవడం మొదలుపెట్టింది. ప్రేమతోనే చేసింది.

ఆ హాయి నాయనమ్మకి పడలేదు. పొద్దస్తమానం తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని లిఫ్ట్ వైపు చూసేది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని "చాలు" అనేది. డాక్టర్ పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదు, వయసు కదా అన్నారు. మా కళ్ళ ముందే మనిషి కుర్చీలో చిన్నదైపోతోంది... ఈ వయసులో తిండి మానేస్తే ఎన్నాళ్ళు...

ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తే, నాయనమ్మ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని వంగి ఏదో చేస్తోంది. దగ్గరికెళ్ళాను. తువ్వాలు అంచు కుచ్చుల్లోంచి దారాలు ఒక్కొక్కటీ లాగి, చివర గోటితో గిల్లి, పక్కన గుట్టగా పెడుతోంది.

అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. తర్వాత సంచీ తీసుకుని కిందికి వెళ్ళింది.

తోకలున్న తావ్‌గే తెచ్చింది. ఈ రోజుల్లో మా ఇంట్లో న్యూస్‌పేపర్ ఎక్కడిది... అటక మీంచి నా కాలేజీ కాగితాలు దింపి పరిచాను. నాయనమ్మ కాసేపు వాటివైపు చూసింది. చేతులు చీరకి తుడుచుకుంది. మొదలుపెట్టింది.

పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళైంది. సగం తోకలు అలాగే ఉన్నాయి. కొన్నిటికి తోక ఉంచి తలకాయ గిల్లేసింది.

"అయ్యో, చాలా మిస్ చేసింది! నేను మళ్ళీ తీస్తా," అంటూ చెల్లి గిన్నె అందుకోబోయింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. అలాగే వేస్తాను."

రాత్రి అందరం కూర్చున్నాం. నాన్న తల వంచుకుని తోకలతో సహా నమిలేస్తున్నారు. నాయనమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పళ్ళ మధ్య నుంచి ఒక తోకని రెండు వేళ్ళతో లాగి, పైకెత్తి చూసింది.

"ఎవరు తీశారే ఇవి?"

సాయంత్రం సంగతి ఆవిడకి గుర్తు లేదు. చెల్లి నా వైపు చూసింది. నేను అన్నం వైపు చూశాను.

"నేనే అత్తయ్యా," అంది అమ్మ.

"అనుకున్నా! ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళైంది, ఇంకా తావ్‌గే తియ్యడం రాలేదు నీకు. కళ్ళెక్కడ పెట్టుకు తీశావు?"

"టీవీ చూస్తూ తీశానత్తయ్యా."

"అదీ సంగతి! రేపు నాకియ్యి. నా పని నాకిస్తే ఈ గోలుండదు."

"అలాగే అత్తయ్యా."

నాయనమ్మ ఇంకా ఏదో గొణిగి, కంచం ముందుకు తోసింది. "ఇంకొంచెం అన్నం పెట్టు."

అమ్మ అన్నం గిన్నె కోసం అటు తిరిగింది... మళ్ళీ ఇటు తిరగడానికి కాస్త సమయం పట్టింది.

ఇప్పుడు దుకాణాల్లో అన్నీ ఒలిచి, తరిగి, కడిగి దొరుకుతున్నాయి. మాలాంటి ఉద్యోగాలవాళ్ళకి సుఖమే, కాదనను. మా ఇంట్లో మాత్రం తావ్‌గే వేపుడు తోకలతోనే తింటున్నాం... తిట్లు రోజూ అమ్మే తింటోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఇది నా పని" అని ఎవరినీ ముట్టుకోనివ్వని పని ఏది? ఇప్పుడది వాళ్ళ చేతుల్లోనే ఉందా...