వదిన తెల్లగోడలు

మొన్న విశాఖలో మా ఇంట్లో ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ గోడకు చెయ్యి ఆనించి, లోపల తేమ బాగా ఉందమ్మా అన్నాడు. అంతే, ఆ తర్వాత అతను చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. చింతపల్లి దగ్గర కొండమీది మా ఊరు, ముసురులో చెమటలు కక్కే గోడలు, వాటిని చెంగుతో తుడుస్తున్న మా వదిన, అన్నీ కళ్లముందుకొచ్చేశాయి.

వదిన మా అన్నయ్యను చేసుకుని వచ్చేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. నాకు పెళ్లయి పిల్లలు పుట్టినా చిన్నపిల్లను పిలిచినట్టు గుంటా అనే పిలిచేది. మాది గడ్డికప్పు మట్టిల్లు. నడుమ ఆరని పొయ్యి, దానిపైన విత్తనానికి వేలాడదీసిన మొక్కజొన్న పొత్తులు. గోడకూ కప్పుకూ మధ్య సందులోంచి పొగా, ఆవిరీ వాటి దారిన అవి పోయేవి. కానీ వాన కూడా అదే కప్పులోంచి దిగేది. గిన్నెలు పెట్టీ పెట్టీ, ఏటా గడ్డి మార్చీ మార్చీ వదిన విసిగిపోయింది. అందుకే స్లాబు ఇల్లు లేచిననాడు ఆవిడ మురిపెం చూడాలి. సున్నం తనే వేసుకుంది. గోడలకు మసి పడుతుందని పొయ్యిని బయట పాకలోకి పంపేసింది. పాపం మా అన్నయ్య చుట్ట కాల్చుకోవాలంటే జోరువానలోనైనా వీధిలోకి పోవాల్సిందే. కాళ్లు కడుక్కోకుండా గడప దాటితే నాకైనా తిట్లే.

నిప్పులేని ఆ ఇల్లు వేడెక్కేది కాదు. ముసురు పట్టిందంటే తడిబట్టలన్నీ లోపల తాడు మీదే. మంచు వస్తుందని తలుపూ కిటికీలూ బిగించేసేది. బట్టల తడీ, మనుషుల ఊపిరీ పోయే దారిలేక ఆ గదిలోనే తిరిగి, చల్లటి గోడకు తగిలి నీళ్లయ్యేవి, వేసవిలో చల్లనీళ్ల గ్లాసుకు పట్టినట్టే. మూలల్లో నల్లగా బూజు కట్టేది. వదిన దానిమీద మళ్లీ సున్నం కొట్టేది. మరుసటి చలికాలానికి ఆవిడకు ఆయాసం మొదలైంది. పొగ మంచిదని కాదు గానీ ఆ చెమ్మ కూడా చెడ్డదేననీ, గాలి ఆడనివ్వమనీ, పొడిగా వెచ్చగా ఉన్నచోట పడుకోమనీ డాక్టరుగారు చెప్పారు. ఇంటికి రాగానే నేను కిటికీ తీశాను. ఆవిడ లేచివచ్చి మూసేసింది.

"తీత్తే మంచు లోపలికొచ్చేత్తాది కదేటి గుంటా. ఈ ఇల్లొచ్చినాకే నాను మనిసిలా బతుకుతున్నాను. దీని మీద నింద ఎయ్యకండి" అంది.

అన్నయ్య మాత్రం పెరట్లో ఆవిడ కోసం చిన్న మట్టిల్లు మొదలుపెట్టాడు. వదిన అలిగింది. కొన్నాళ్లకు తనే గోడ పట్టుకుని నడిచొచ్చి, పొయ్యి ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. అప్పటికే ఊపిరందక మాట పూర్తిచెయ్యలేకపోతోంది. కప్పు వెయ్యడం ఒక్కటే మిగిలింది. ఇంతలో తుఫాను ముసురు పట్టింది. ఆ ముసురులోనే, మూసిన తలుపుల వెనక, వదిన పోయింది.

కన్నతల్లి పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. ఆ ఏడుపు కూడా కలిపి అప్పుడే ఏడ్చాను. అన్నయ్య ఇప్పుడు ఆ స్లాబు ఇంటి తలుపులు మూయడు. ఈ వేసవిలో వెళ్లి చెయ్యి పెట్టి చూశాను, గోడలు పొడిపొడిగా ఉన్నాయి. ఆరడానికి వాటికి దొరికినంత కాలం మా వదినకు దొరకలేదు.