ప్రమీల మేడం, మోగని సైరన్

మొన్న రాయచూరులో రైలు దిగి ఆటో ఎక్కానో లేదో, ఊరి చివర మిల్లుల వైపు నుంచి గాలి వీచింది. ఉడికిన వడ్ల వాసన. కొంచెం పుల్లగా, కొంచెం తియ్యగా, వెచ్చటి ఆవిరిలో ఊక పొగ కలిసి వచ్చే వాసన. ఆ ఊళ్లో ఉండేవాళ్లకు అది వాసన కాదు, గాలి. వదిలేసి వెళ్లినవాళ్లకే ముక్కుకు తగులుతుంది. నాకూ తగిలింది. ఇన్నేళ్లయినా ఆ వాసన వస్తే నాకు మొదట ఒక తెల్లటి కంప్యూటర్ తెర, దాని ముందు రంగు వెలిసిపోయిన ముఖంతో కూర్చున్న ప్రమీల మేడం కనిపిస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడను ఎరగనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే నేను ఆ రోజు దగ్గరికే వెళ్లాలి.

మాది తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపు. తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబాల ఊరు. రాయచూరులోనే ఇంజనీరింగు చదివి, ఉద్యోగం కోసం ఊరు దాటే ధైర్యం చాలక, బజార్లో ప్రమీల మేడం ఆఫీసులో చేరాను. ఆఫీసంటే వాళ్ల నాన్నగారి తూకం యంత్రాల దుకాణం మీద ఉన్న రెండు గదులు. వాళ్లది పాత రాయచూరు కోమట్ల కుటుంబం. మేడం హైదరాబాదులో పెద్ద కంపెనీలో పనిచేసి, నాన్నగారికి పక్షవాతం వస్తే తిరిగొచ్చేసి, ఇక్కడి రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. దుకాణానికి వచ్చిన హమాలీతో ఉర్దూలో, రైతుతో కన్నడంలో, నాతో ఆ ఊరి తెలుగులో ఒకే గుక్కలో మాట్లాడేవారు. చేరిన రోజు నా భాష విని నవ్వారు. "గోదారి పిల్లవు. నువ్వు అండీ అండీ అనే లోపల ఈడ మిల్లు బందయితది" అన్నారు. చురుగ్గా ఉండేవారు, పొగడ్త ఆవిడ నోట అరుదు, తప్పు దొరికితే మాత్రం పిల్లల్లా సంబరపడేవారు.

అప్పుడు మేం ప్రోగ్రాములు రాసే పైథాన్ అనే కంప్యూటర్ భాష పాత వెర్షన్‌కు కాలం చెల్లిపోయింది. కొత్తగా కొన్న కంప్యూటర్ల మీద, కొత్త మీటర్లతో అది పనిచేయనంటోంది. మా ప్రోగ్రాములన్నీ కొత్త వెర్షన్‌కు మార్చే పని నాకిచ్చారు. మార్చిన ప్రతి చోటా ఎర్రక్షరాల్లో తప్పులు. చాలావరకు అంకెల గొడవే. పాత వెర్షన్ ఏడును రెండుతో భాగిస్తే మూడు అనేసి ఊరుకునేది. కొత్తది మూడున్నర అంటుంది. లారీలు ఎన్ని కావాలో చెప్పే చోట మూడున్నర వచ్చేసరికి, పూర్ణసంఖ్య ఉండాల్సిన చోట ఇదేమిటని ప్రోగ్రాం ఆగిపోయింది. నేను విసుక్కుంటే మేడం పగలబడి నవ్వారు. "అడుగుతున్నది సరిగనే ఉన్నది కద. మూడున్నర లారీలు ఎట్ల పంపిస్తం? ఇన్నిదినాలు ఆ అర లారీ వడ్లు ఏడ పోయినయో ముందు అది జూడు." ఆవిడ నేర్పిన పద్ధతి అదే. ఎర్రక్షరాలు కనిపించగానే వాటిని పోగొట్టనిచ్చేవారు కాదు. పాత కంప్యూటర్ ఒకటి మూలన ఉంచుకున్నారు. "ఇంతకుముందు ఇది ఏం జేస్తుండె? ఆడ నడిపించి జూడు, తర్వాత ముట్టుకో" అనేవారు. నాకది చాదస్తంగా అనిపించేది.

ఆ రోజు పొద్దున్నే డ్రయ్యర్ ప్రోగ్రాం తెరిచాను. ఉడికిన వడ్లను ఆరబెట్టే పెద్ద యంత్రం డ్రయ్యర్. కింద ఊక పొయ్యి, పైకి వేడి గాలి. గాలి వేడి హద్దు దాటితే లోపల దుమ్ముకు నిప్పంటుకుంటుంది. అందుకే వేడిని కొలుస్తూ, హద్దు దాటగానే సైరన్ మోగించే ప్రోగ్రాం మేడం స్వయంగా రాశారు. చాలా మిల్లుల్లో పెట్టారు. కొత్త వెర్షన్‌లో నడపగానే అది ఆగిపోయింది. ఇది పెద్దదా అది పెద్దదా అని నన్ను అడుగుతున్నావు, కానీ ఒకటి సంఖ్య, రెండోది రాత, ఈ రెంటినీ పోల్చలేను అన్నది దాని ఫిర్యాదు. చూశాను. మొదట్లో ఆ హద్దు ప్రోగ్రాంలోనే అంకెగా ఉండేదట. తర్వాత మిల్లువాళ్లు తమకు కావలసిన హద్దు తామే టైపు చేసుకునేలా మేడం ఒక తెర చేర్చారు. అలా టైపు చేసిన అరవై అంకెగా మారకుండా ఆరు, సున్న అనే రెండు అక్షరాలుగానే లోపలికి వెళుతోంది. ఒక్క మాట చేరిస్తే అంకె అయిపోతుంది. చేర్చాను. నడిచింది. సంతోషంగా మేడంను పిలిచాను.

ఆవిడ వచ్చి, తెర చూసి, "ఇంతకుముందు?" అన్నారు.

"ఇంతకుముందు తప్పు రాలేదు మేడం. నడిచేది."

"నడిచేది అంటే ఏం జేసేది?"

మూలనున్న పాత కంప్యూటర్ దగ్గర నేను కూర్చున్నాను, ఆవిడ నా వెనక నిలబడ్డారు. తొంభై అనే సంఖ్య, అరవై అని రాసిన అక్షరాల కన్నా పెద్దదా అని టైపు చేశాను. కాదు అంది. వేళ్లు తప్పు పడ్డాయేమోనని మళ్లీ కొట్టాను. కాదు. తొమ్మిది వందలు? కాదు. లక్ష? కాదు. పాత వెర్షన్‌కు సంఖ్యనూ రాతనూ పోల్చమంటే కోపం రాదు. రాతే ఎప్పుడూ పెద్దది అనుకుని సాగిపోతుంది. అంటే మిల్లువాళ్లు హద్దును ఒక్కసారి టైపు చేసి మార్చారంటే చాలు, ఆ తర్వాత డ్రయ్యర్ తగలబడిపోతున్నా ఆ ప్రోగ్రాం లెక్కలో వేడి హద్దు దాటదు. సైరన్ మోగదు.

నేను వెనక్కి తిరిగాను. మేడం ముఖంలో నెత్తురు లేదు. పక్కనున్న కుర్చీని చేత్తో తడుముకుంటూ కూర్చున్నారు. కింద దుకాణంలో ఎవరో తూకం రాళ్లు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒకే మాట అన్నారు. "ఖాజా."

ఖాజా ఎవరో నాకు తెలియదు. ఆవిడే చెప్పారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. రెండేళ్ల కిందట, హద్దు తామే టైపు చేసి మార్చుకున్న వెంకటరత్నం గారి మిల్లులో పట్టపగలు డ్రయ్యర్ అంటుకుంది. దాన్ని నడిపే ఖాజా చేతులు కాలాయి. సైరన్ మోగలేదని అతను ఆసుపత్రిలో మొత్తుకున్నాడు. అన్నం తిని కునుకు తీశాడు, వినలేదు అన్నారు అందరూ. సంగతి తేల్చమని వెంకటరత్నం గారు మేడంను పిలిచారు. ఆవిడ వెళ్లి పరీక్ష మీట నొక్కారు. సైరన్ ఊరంతా వినిపించేలా మోగింది. ఆ మీట నేరుగా సైరన్‌కే కలిపి ఉంటుంది, మధ్యలో ఈ పోలిక ఏదీ ఉండదు. "నా సైరన్ సరిగనే ఉన్నది అని అందరి ముందర చెప్పిన, కల్పనా. నేనే చెప్పిన. అదే దినం ఆయన్ని పనిల నుంచి తీసేసిండ్రు."

ఆవిడ లేచి ఫోన్ తీసుకున్నారు. ఒక్కొక్క మిల్లుకూ చేశారు. "సైరన్ మీద భరోసా పెట్టుకోవద్దు. థర్మామీటర్ దగ్గర మనిషిని నిలబెట్టండి. నేనొచ్చి సరి జేసేదాంక మనిషి కదలొద్దు." ఎందుకని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు. "నేను రాసింది తప్పు." చిన్నదేలే, వెర్షన్ మారింది కదా అని సర్దిచెప్పే వీలుంది. అంతకన్నా సులభంగా, కొత్త ప్రోగ్రాం పెట్టేసి ఊరుకునే వీలూ ఉంది. నేను చేర్చిన ఒక్క మాటతో ఆ తప్పు ఎవరికీ తెలియకుండా మాయమయ్యేది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ దాన్ని మాటవరసకైనా అనలేదు.

మర్నాడు ఖాజా ఊరు చంద్రబండ వెళ్లాం. ఇంటి ముందు అతని భార్య మౌలాబీ జొన్నరొట్టెలు కొడుతోంది. అతను పొలం కూలికి వెళ్లి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ముంజేతుల మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. మేడంను చూడగానే గుర్తుపట్టాడు, ముఖం బిగుసుకుంది. కూర్చోమనలేదు. ఆవిడ నిలబడే చెప్పారు. ఎలా చెబుతారోనని దారంతా అనుకున్నాను. ప్రోగ్రాం అనలేదు, వెర్షన్ అనలేదు. "ఖాజా, ఆ దినం సైరన్ మోగలేదు. మోగడానికి వీలే లేదు. తప్పు నీది కాదు, నాది. నిన్న తెలిసింది నాకు."

అరుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. మగ్గు కింద పెట్టి, మెల్లగా గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"మోగలేదా?" అన్నాడు.

"మోగలేదు."

"నేను నిద్రపోలేదా?"

మేడంకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అతను తన చేతుల వంక చూసుకుంటూ అన్నాడు. "మొదట్ల మోగలేదనే అన్న మేడం. అందరు గట్లనే అంటుంటే, మీరు గూడ అన్నంక, నాకే షక్కు వచ్చె. కన్ను అంటుకున్నదేమో, నాకు ఎరుక లేదేమో. రెండేండ్ల సంది నేనే నిద్రపోయిన్నేమో అనుకుంటున్న. అల్లా దగ్గర మాఫీ గూడ అడుక్కున్న."

రొట్టెల చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు. మౌలాబీ పిండి చేతులతోనే లేచి వచ్చింది. "ఏమన్నవమ్మా, ఇంకొకపారి చెప్పు" అంది. మేడం మళ్లీ చెప్పారు. ఆమె భర్త పక్కన నేల మీద కూర్చుని, అతని ముంజేయి పట్టుకుని ఏడ్చింది. నిద్రమొహంగాడా అని ఎన్నిసార్లు తిట్టానో అని ఏడ్చింది. మేడం ఏడవలేదు. అక్కడ ఏడ్చే హక్కు తనకు లేదన్నట్టు నిలబడ్డారు. క్షమించమని కూడా అడగలేదు. "మిల్లుకొచ్చి అందరి ముందర చెప్తా. నువ్వు రావాలె" అన్నారు అంతే.

వెంకటరత్నం గారు మాలాగే క్యాంపు మనిషి. మేడం చెప్పింది విని ఆయనకు భయం పట్టుకుంది. "ఇప్పుడు తవ్వుకుని ఏం లాభమండీ? పోయిందేదో పోయింది. మంచి ప్రోగ్రాం పెట్టేసి వెళ్లండి, నేనెవరికీ చెప్పను" అన్నారు. నా వైపు తిరిగి, "మనోళ్ల పిల్లవి, నువ్వన్నా చెప్పమ్మా" అన్నారు. నేను మేడం వైపు చూశాను. ఆవిడ అప్పటికే ఖాజాను వెంటబెట్టుకుని డ్రయ్యర్ వైపు నడుస్తున్నారు. హమాలీలు, బాయిలర్ మనిషి, గుమాస్తా, అందరూ గుమిగూడారు. ఆ రోజు ఏ చోట నిలబడి సైరన్ సరిగ్గా ఉందన్నారో అదే చోట నిలబడి తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పారు. బాయిలర్ మనిషి తల వంచుకున్నాడు. ఖాజా నిద్రపోయాడని గట్టిగా సాక్ష్యం చెప్పింది అతనేనని తర్వాత తెలిసింది.

కొత్త ప్రోగ్రాంను పరీక్ష మీటతో చూడనివ్వలేదు ఆవిడ. వడ్లు తీయించి, లోపల దుమ్మంతా ఊడిపించి, ఖాళీ డ్రయ్యర్ కిందే పొయ్యి రాజేయించారు. వేడి పెరుగుతోంది. అందరం తెర వంకే చూస్తున్నాం. హద్దు దాటిన క్షణం సైరన్ ఒక్క ఉదుటున మోగింది. పైకప్పు రేకులు అదిరాయి. పావురాలు లేచిపోయాయి. ఖాజా ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అతను ఆ మిల్లులో చేరిన నాటి నుంచి అది ఒక్కసారీ మోగలేదు. పరీక్ష మీట నొక్కిన రోజున అతను ఆసుపత్రిలో ఉన్నాడు. సైరన్ ఆపాక కూడా చేతులు దించలేదు.

"గింత గట్టిగ మోగుతదా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "గింత గట్టిగ మోగితే నేను వినకుంట ఎట్లుంట మేడం?"



వెంకటరత్నం గారు మర్నాడు మళ్లీ పనికి రమ్మని కబురు పెట్టినా ఖాజా ఆ మిల్లుకు వెళ్లలేదు. మేడం వేరే మిల్లుకు తీసుకెళ్లి, "ఈయనకు నేను జిమ్మేదారి" అని చెప్పి డ్రయ్యర్ పనిలో పెట్టించారు. కొన్ని మిల్లులు మా ప్రోగ్రాం తీసేసి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాయి. వెళ్లేవాళ్లను ఆవిడ ఆపలేదు. ఆఫీసు చిన్నదయింది, ఇంకా చిన్నదయింది. ఒకసారి అడిగాను, అంతమందికి చెప్పకుండా ఖాజాకు మాత్రం చెప్పి ఉంటే సరిపోయేది కదా అని. "ఆయన మీద చెప్పింది అందరి ముందర గద" అన్నారు, కీబోర్డు మీంచి తలెత్తకుండా.

నేనిప్పుడు హైదరాబాదులో ఆసుపత్రి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తున్నాను. వెర్షన్లు మారుతూనే ఉంటాయి, ఎర్రక్షరాలు వస్తూనే ఉంటాయి. చాలా వాటికి మందు ఒక్క మాటే. అయినా నా చేయి ఆగుతుంది. పాత వెర్షన్ తెరిచి, ఇన్నాళ్లూ ఇది ఏం చేసిందో చూడందే ముందుకు పోను. నా జట్టువాళ్లకు అది చాదస్తం.

పోయిన నెల అలాంటిదే ఒకటి బయటపడింది. మందు ఎక్కించే పంపు ఒకటి, మోతాదు మార్చినప్పుడు ఒక్కోసారి పాత అంకెనే ఉంచేసుకుంటోంది. పాత ఫిర్యాదులు వెతికితే, నేను ఈ కంపెనీలో చేరకముందు ఒక చిన్న ఊరి నర్సు సరిగ్గా అదే చెప్పినట్టు కనిపించింది. అదృష్టం కొద్దీ రోగికి ఏమీ కాలేదు. పరిశీలించిన వాళ్లు నర్సు పొరపాటు అని తేల్చి మూసేశారు. పంపులన్నిటినీ సరిచేసే పని మొదలుపెట్టించి, ఆమె ఇప్పుడెక్కడుందో కనుక్కుని నేనే ఫోన్ చేశాను. పేరు చెప్పాను, కంపెనీ చెప్పాను. "ఆ రోజు మీరు మోతాదు సరిగ్గానే మార్చారమ్మా. పంపుదే తప్పు" అన్నాను.

అటువైపు ఏదో కింద పెట్టిన చప్పుడయింది.

"నిజంగానా?" అంది.

"నిజంగానే" అన్నాను. ఇంకొకసారి చెప్పమంది. చెప్పాను.