ఎవరి గ్లాసు వారిది

1957 జూన్‌లో నన్ను ఇందుకూరుపేట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. మిడ్‌వైఫ్‌లకు పైన, డాక్టరు గారికి కింద ఉండే ఉద్యోగం అది. గర్భిణుల ఇళ్ళకు వెళ్ళి చూడడం, పరిశుభ్రత గురించి ఊరివాళ్ళకు చెప్పడం మా పని. మందుల పెట్టె కన్నా నోటికే పని ఎక్కువ. ఆ విషయంలో నాకు ఏ కొరతా లేదు.

నేను చేరిన కొద్ది రోజులకే ఫ్లూ జ్వరాలు మద్రాసు వైపు నుంచి మా తీరానికీ పాకాయి. ఫ్లూకు మందు లేదు, అంటకుండా చూసుకోవడమే దారి. దగ్గితే గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, జ్వరం ఉన్నవాళ్ళు ఇంటిపట్టున ఉండాలి. ఇవన్నీ అందరూ బుద్ధిగా విన్నారు. గొడవంతా మంచినీళ్ళ గ్లాసు దగ్గరే వచ్చింది.

మా పరిధిలోని క్రైస్తవుల పేటలో ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చర్చి అరుగు మీది కుండలో నీళ్ళు ఒకే గ్లాసును మూతికి కరచి తాగేవారు. ఇక మీదట ఎవరి గ్లాసు వారు తెచ్చుకోమన్నాను. సంఘపెద్ద ఏసోబు గారి ముఖం మాడిపోయింది.

"కాఫీ హోటల్లో మాకు గ్లాసు వేరే పెట్టినారు. దేవుడి సన్నిధిలోనన్నా అందరికీ ఒకటేనని సంబరపడతా ఉండాం. నువ్వొచ్చి ఇక్కడ గూడా వేరే అంటుండావే! ముందు మునసబు గారింట్లో చెప్పి రామ్మా. ఆనక వింటాం" అన్నారు.

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆయన కూతురు శాంతమ్మ నిండు నెలలతో పుట్టింట్లో ఉంది. ఆ స్థితిలో ఫ్లూ సోకితే ప్రాణం మీదికి వస్తుంది. మళ్ళీ ఆదివారం లోపల ఆయన్ని ఒప్పించాలి.

ఆ సాయంత్రమే మునసబు గారింటికి వెళ్ళాను. ఆయన భార్య రమణమ్మ గారు జ్వరంగా ఉన్న మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, వాడు తాగి వదిలిన పాలు తానే తాగుతున్నారు. ఇంట్లో ఎవరి గ్లాసు వారికి ఉండాలని చెప్పాను.

"మేము నీళ్ళు ఎత్తి పోసుకుంటాం గదమ్మా, ఇంక ఎంగిలి యాడుంది? మనవడి ఎంగిలి నాకు ఎంగిలా?" అన్నారు.

"ఎంగిలి మాట కాదండీ, జ్వరం మాట. మీరు మంచాన పడితే వీణ్ణి చూసేదెవరు?" అన్నాను.

ఆవిడ నా వంక కొరకొరా చూసి, మనవణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత లోపలికి వెళ్ళి గ్లాసులన్నీ తెచ్చి, మునసబు గారితో సహా ఇంటిల్లిపాదికీ తలా ఒకటి పంచారు. ఆ ఇంట్లో పనికి వచ్చి వాకిలి ఊడుస్తున్న ఏసోబు గారి భార్య ఇదంతా చూస్తూనే ఉంది. నేను వేరే కబురు పంపనక్కర్లేకపోయింది.

ఆదివారం చర్చికి వెళ్ళేసరికి పాస్టరు గారి చేతిలో గ్లాసు, ముసలివాళ్ళ చేతుల్లో గ్లాసులు, చిన్నపిల్లల చేతుల్లో కొబ్బరి చిప్పలు. ఏసోబు గారు తన గ్లాసు ఎత్తి నాకు చూపించి, "నీదేదమ్మా?" అన్నారు. నేను తీసుకెళ్ళలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నెలలోనే శాంతమ్మ మగపిల్లవాణ్ణి కన్నది. తల్లికీ బిడ్డకూ జ్వరం సోకలేదు.

తర్వాత చాలా ఊళ్ళకు బదిలీ అయ్యాను. ఎక్కడికి వెళ్ళినా అంటువ్యాధి జాగ్రత్తలు మొదట పెద్దింట్లో చెప్పి, ఆ తర్వాతే పేటల్లోకి వెళ్ళాను. చెప్పే మాట ఒకటే అయినా, అది ఏ గుమ్మంలో మొదలైందో జనం చూస్తారు.